ఎదురింటి చెట్టు మీది కొంగలు

మా కోడలు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టి, ఇది మీ అమ్మమ్మ వాళ్ళ ఊరే కదా అత్తమ్మా అని అడిగింది. ధర్మవరంలో మా ఇంటి వంటింట్లో అప్పుడు నేను చెనిక్కాయలు వేయిస్తున్నాను. కళ్ళద్దాలు లేకుండానే గుర్తుపట్టాను. చింతచెట్టు, చెట్టు నిండా కొంగలు, కింద కెమెరాలు మెడలో వేసుకున్న జనం. ఎవరో చూడ్డానికి పోయినవాళ్ళు తీసిన వీడియో అట. చివర్లో ఆ తీసే మనిషి వెనక్కి తిరిగినప్పుడు వీధికి ఇవతల ఉన్న ఇంకో చింతచెట్టు ఒక్క క్షణం కనిపించి పోయింది. దానిమీద ఆకులు తప్ప ఏమీ లేవు. అది మా అవ్వ చెట్టు.

నాకు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, షుగరు మాత్రలు, మనవళ్ళు, అన్నీ ఉన్నాయి. అయినా ఆ ఖాళీ చెట్టు చూడగానే నాకు తొమ్మిదేళ్ళున్నప్పటి కుళ్ళు కడుపులో నుంచి అట్లాగే లేచి వచ్చింది. పొయ్యి మీద చెనిక్కాయలు మాడిపోయాయి. ఇంత వయసొచ్చి పక్షుల కోసం కుళ్ళుకోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. ఏం లాభం, తగ్గలేదు.

మా నాయనకు హిందూపురంలో కిరాణా అంగడి ఉండేది. బడికి ఎండాకాలం సెలవులిస్తే చాలు, నన్ను అమ్మ పుట్టిన ఊరికి తెచ్చి దింపేవాడు. అంగట్లో బెల్లం వాసన, చింతపండు వాసన మధ్య పెరిగినదాన్ని, ఆ ఊర్లో బస్సు దిగీ దిగగానే చేపల నీచు వాసన గుప్పున కొట్టేది. ఊరి చుట్టూ రాళ్ళగుట్టలు, చెనిక్కాయ చేన్లు, గొర్రెల మందలు. ఊరి బయట చెరువు. ఊరి మధ్యలో, ఇళ్ళ ముందరి చింతచెట్ల మీద కొంగలు. పొలాల్లో కనిపించే మామూలు తెల్లకొంగలు కావవి. నా భుజం దాకా వచ్చేంత పొడుగు. పసుప్పచ్చ ముక్కు, ఎర్రటి బోడితల, తోక దగ్గర గులాబి రంగు ఈకలు. చలి తగ్గే రోజుల్లో ఎక్కడినుంచో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లల్ని సాకి, వానలు ముదిరాక పోయేవి.

ఊరివాళ్ళు వాటిని పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డలనేవాళ్ళు. మాటవరసకు అనడం కాదు, నిజంగానే అట్లా చూసుకునేవాళ్ళు. ఏ ఇంటి చెట్టు మీద గూడు పడితే ఆ ఇల్లు వాటికి పుట్టిల్లు. ఆ ఇంటి ఇల్లాలు చెట్టు మొదలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త రవికెగుడ్డ చుట్టేది. ఇంక ఆ ఏడాది ఆ చెట్టు చింతకాయను ముట్టుకోకూడదు, కర్రతో కొడితే గూళ్ళు కదులుతాయి కదా. పెళ్ళిమేళం ఆ వీధి మొదట్లోనే ఆగిపోవాలి. పెళ్ళికొడుకు ఎంతటివాడైనా సరే, అక్కడినుంచి చప్పుడు లేకుండా నడిచి రావాల్సిందే. ఆడవాళ్ళు ఆ చెట్ల కింద కొట్లాడుకోవాల్సి వస్తే గొంతు తగ్గించుకుని మరీ కొట్లాడుకునేవాళ్ళు. రెట్టలతో ఇంటికప్పులు తెల్లబడినా ఎవరూ ఏమీ అనరు. పరాయి ఊరివాళ్ళు ముక్కు మూసుకుంటే మాత్రం, బాలింత ఉన్న ఇల్లు వాసన రాకుండా ఉంటుందా అని మీదికి పోయేవాళ్ళు.

మా అవ్వ ఇంటికి ఎదురుగా చిన్నవ్వ ఇల్లు. చిన్నవ్వంటే మా తాత తమ్ముడి పెళ్ళాం, అవ్వకు తోడికోడలు. భాగాలు పంచుకున్నప్పుడు చింతచెట్లు రెండు, అన్నదమ్ములు ఇద్దరు. పెద్దకోడలు గనక ముందుగా కోరుకునే వంతు అవ్వది. ఎక్కువ కాసే చెట్టును అవ్వ కోరుకుంది. చిన్నవ్వకు బక్కచెట్టు మిగిలింది. మరుసటి ఏడాది కొంగలొచ్చి ఆ బక్కచెట్టు మీద దిగాయి. ఆ తర్వాత కూడా ఒక్క ఏడన్నా మా అవ్వ చెట్టు వైపు తొంగిచూడలేదు.

ఏటా ఎండాకాలం రాగానే చిన్నవ్వ గిన్నె పట్టుకుని వీధి దాటి వచ్చేది, చింతపండు అడగడానికి. మా చెట్టు ముట్టుకునేదానికి లేదు కదక్కా, కాన్పుకొచ్చినారు అనేది. మాట మెత్తగానే ఉండేది. అవ్వ గిన్నెలో పండును అదిమి అదిమి పెట్టి ఇచ్చేది. ఆమె గడప దాటడం ఆలస్యం, చింతపండుకొచ్చిందా చెప్పుకోనొచ్చిందా అని నా దగ్గర సణిగేది. మా ఇంట్లో పులుసుకు ఏనాడూ కొదవలేదు. రాగిసంగటిలోకి రోజూ ఏదో ఒక పులుసు ఉండాల్సిందే. పులుసు తిన్న ప్రతిసారీ మా ఇంట్లో కొంగలు లేవనే సంగతి నాకు గుర్తొచ్చేది.

చిన్నవ్వ మనవరాలు నా ఈడుది. నేను టౌనుపిల్లను. నా దగ్గర సాటిన్ రిబ్బన్లుండేవి, నాయన పొట్లం కట్టిచ్చిన పిప్పరమెంట్లుండేవి. వాటిని చూపించి ఆ పిల్ల నోట్లో నీళ్ళూరించాలని ప్రతి సెలవులకూ గంపెడాశతో పోయేదాన్ని. ఆమె పిప్పరమెంటు తీసుకుని బుగ్గన పెట్టుకునేది, తలెత్తి పైకి చూసేది, మా పెద్దది రెండు గుడ్లు పెట్టింది అనేది. సొంత అక్కకు కవలలు పుట్టినట్టు చెప్పేది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని. ఒకసారి ఆమె పలక మీద చక్కగా కొంగబొమ్మ గీసుకుని నీళ్ళు తాగడానికి లోపలికి పోతే, ఉమ్మి పెట్టి చెరిపేశాను. ఇంకోసారి ఆమె రిబ్బను అడిగితే చిరుగుది చూసి ఇచ్చాను. ఆమె దాన్ని కట్టుకుని కొంగల కిందే ఎగురుకుంటూ తిరిగింది. చిరుగు సంగతే పట్టించుకోలేదు.

నేను చెప్పే ఏడాది అవ్వ ఎవరూ చేయని పని చేసింది. చెట్టు విరగకాసినా ఒక్క కాయ కొట్టనివ్వలేదు. కొంగలు దిగే రోజుల్లోనే ఏటా మా చెట్టు కింద కర్రల చప్పుడు మొదలవుతుంది, అందుకే బెదిరిపోతున్నాయని ఎవరో ఆమె చెవిన వేశారట. కాయ దించడానికి వచ్చిన కూలీలను వెనక్కి పంపేసింది. దాంతో ఆ ఏడాది రెండిళ్ళకూ మా నాయన అంగడి చింతపండే గతి అయింది. నాయన నన్ను దింపడానికి వచ్చినప్పుడు చెట్టు వైపు చూసి, అత్తగారి ముందు అనలేక, చెట్టు నిండా పెట్టుకుని అంగట్లో కొనుక్కునే మనుషులను ఈ ఊర్లోనే చూస్తున్నానని నా దగ్గర గొణిగిపోయాడు.

అంత చేసినా కొంగలు ఎదురుచెట్టు మీదే దిగాయి. నేను పోయేసరికి అక్కడ పిల్లలు కూడా పెద్దవవుతున్నాయి. మా చెట్టు కింద ఎండి రాలిన కాయలు చీమలు పట్టి ఉన్నాయి. అవ్వ పొద్దున్నే వాటిని ఊడ్చి కుప్ప పెట్టేది.  ఒకరోజు సంగటి ముద్ద నా కంచంలో వేస్తూ వేస్తూ ఆగిపోయింది.

"ఎక్కువ కాస్తాదని కోరుకున్నా. ఆశపడినా గదా, అందుకే నా గడప తొక్కల్యా" అంది.

 ముద్దలో గుంట చేసుకుని పులుసు పోసుకున్నాను. ఆ రోజు నుంచి ఎదురుచెట్టు వైపు చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా అవ్వకేం తక్కువ? ఆమె చెట్టు పెద్దది, మనసు పెద్దది, చిన్నవ్వ గిన్నె ఎన్నడూ ఖాళీగా పంపలేదు. కొంగలకు కళ్ళు లేవనుకున్నాను.

ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. పెంకులు లేచిపోయాయి, కొమ్మలు విరిగాయి, అందరూ తలుపులేసుకుని తొందరగా పడుకున్నారు. తెల్లవారుతుండగా నేను బయటికొస్తే వీధంతా పుల్లలు. ఎదురుచెట్టు మీది గూడొకటి పడిపోయింది. వీధి మధ్యలో కొంగపిల్ల ఒకటి కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కోడిపెట్టంత ఉంది. ఒంటినిండా తెల్లటి నూగు.

ఇట్లాంటప్పుడు ఏం చేయాలో ఆ ఊర్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఏ చెట్టు మీదినుంచి పడితే ఆ ఇంటివాళ్ళు గంపలో పెట్టుకుంటారు. రెక్కలు వచ్చేదాకా చెరువు నుంచి చిన్నచేపలు తెచ్చి మేపుతారు. నేను చిన్నవ్వ తలుపు తట్టాలి, అంతే. తలుపు మూసి ఉంది. వీధిలో ఎవరూ లేరు. నేను ఆ పిల్లను ఎత్తుకున్నాను. అది భయపడి సగం అరిగిన చేపను నా పావడ మీద కక్కింది.

మా చెట్టుకు నిచ్చెన అందేంత ఎత్తులో ఒక పంగ ఉంది. నేను నిచ్చెన లేకుండానే ఎక్కేదాన్ని. ముందు పుల్లలు తీసుకుపోయి పేర్చాను. మళ్ళీ దిగి, పిల్లను ఒడిలో కట్టుకుని ఎక్కి, అందులో కూర్చోబెట్టాను. మోకాళ్ళు, కాళ్ళు గీరుకుపోయాయి. నా ఆలోచన ఏమిటంటే, బిడ్డ ఎక్కడుంటే తల్లి అక్కడికే వస్తుంది. వచ్చి ఇక్కడే గూడు సరిచేసుకుంటుంది. వచ్చే ఏడాది అక్కచెల్లెళ్ళను కూడా వెంటబెట్టుకుని మా ఇంటికే కాన్పుకు వస్తుంది. ఆడబిడ్డలని రోజూ వినీ వినీ, ఆడబిడ్డలు చేసే పనే కొంగలూ చేస్తాయనుకున్నాను. లోపలికి పోయి పావడ మార్చుకుని, దుప్పటి కప్పుకుని నిద్ర నటించాను.

అవ్వ చీపురు పట్టుకుని బయటికి పోయింది. కాసేపటికి ఊడ్చే చప్పుడు ఆగిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. అవ్వ చెట్టు మొదలు మీద చేయి పెట్టి పైకి చూస్తోంది.  లోపలికొచ్చి ఇనప్పెట్టె తెరిచి, ఎన్నేళ్ళ నుంచి దాచుకుందో ఏమో, మడతలు పసుపెక్కిన ఆకుపచ్చ రవికెగుడ్డ తీసింది. చెట్టుకు పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. రవికెగుడ్డ చుట్టి గట్టిగా ముడి వేసింది. మోకాళ్ళ నొప్పులతోనే ఇంటింటికీ పోయి చెప్పొచ్చింది. పొయ్యి మీద పప్పు పడేసి, బెల్లం కొట్టి, ఓళిగలు చేసింది. వచ్చినవాళ్ళకల్లా నెయ్యి వేసి పెట్టింది. ఆమె మొహం అట్లా వెలగడం అంతకుముందు నేను చూడలేదు. నాకు గొంతు దిగలేదని చెబితే బాగుంటుంది, కానీ మూడు తిన్నాను.

చిన్నవ్వ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. చాలాసేపు పైకి చూసింది.

"ఒకటే ఉండాదే. తల్లి యాడ?" అని అడిగింది.

"మేతకు పోయుంటాది" అంది అవ్వ.

చిన్నవ్వ చెట్టుకు బొట్టు పెట్టి, ఓళిగ కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆమె మనవరాలు మాత్రం నా పక్కకొచ్చి, రాత్రి గాలికి మా గూడొకటి పడిపోయింది, పిల్ల కనపడలేదు అంది. అని నా కాళ్ళ వైపు చూసింది. నేను పావడ కిందికి లాక్కున్నాను.

తల్లి రాలేదు. ఎదురుచెట్టు మీద గూడు పడిపోయిన చోట ఒక కొంగ పొద్దంతా నిలబడే ఉంది. మా చెట్టు వైపు ఒక్కసారి కూడా ఎగరలేదు. మధ్యాహ్నం దాకా పిల్ల మేత కోసం అరిచింది. ఎండ తిరిగేసరికి అరుపు సన్నబడింది. నేను ఒక్క మాట చెబితే గంపలోకి దిగుతుంది, చేపలు తింటుంది, బతుకుతుంది. చెబితే అవ్వ ఊరందరి ముందూ ఆ పసుపు కడిగేసుకోవాలి. అవ్వ మొహం చూసి నోరు మూసుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ పిల్లను తీసుకుపోయి మళ్ళీ ఆ ఇంటి గంపలో పెట్టాలంటే నాకు కడుపు మండింది. ఎన్ని కొంగలున్నాయి వాళ్ళకు, ఒక్కటి మాకుంటే ఏం పోయిందనుకున్నాను. చీకటి పడేదాకా అట్లాగే అనుకుంటూ కూర్చున్నాను.

మరుసటి పొద్దున అవ్వ ఉతకడానికి బట్టలు తీసుకుంటూ నా పావడ పట్టుకుని ఆగిపోయింది. వాసన చూసింది. నా దగ్గరికొచ్చి, కాళ్ళ మీది గీతలు చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. చెయ్యి పట్టుకుని చెట్టు దగ్గరికి తీసుకుపోయింది.

"యాడ పెట్టినావో ఆడినుంచి దించు" అంది.

దించాను. మెడ వాలిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఊపిరి ఇంకా ఆడుతోంది. అవ్వ దాన్ని గంపలో పెట్టుకుని, నన్ను నోరు తెరవద్దని చెప్పి, వీధి దాటింది. నేను వెనకే పోయాను. చిన్నవ్వ వాకిట్లో అప్పటికే నీళ్ళకు పోయే ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. అవ్వ వాళ్ళు పోయేదాకా ఆగలేదు.

"ఇది మీదే. నేనే ఎత్తుకోని పోయి పెట్టుకున్నా. కుళ్ళు పుట్టింది" అంది.

చిన్నవ్వ గంపలోకి చూసింది. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది.

"ఆ మోకాళ్ళతో చెట్టెక్కినావా అక్కా?"

"ఎక్కినా."

చిన్నవ్వ అవ్వ మొహంలోకి చూసి, సరే అని గంప అందుకుంది. వెంటనే కొడుకును చెరువుకు పంపించింది. చేపలు వచ్చాయి. ముక్కు తెరిచి పెట్టినా పిల్ల మింగలేకపోయింది. సంగటి తినే వేళకు ముందే చచ్చిపోయింది. పసుపునీళ్ళు చల్లి వాళ్ళ చెట్టు కిందే పూడ్చారు. ఇవతల అవ్వ రవికెగుడ్డ ముడి విప్పి, చెట్టు మొదలు మీది పసుపు తడిగుడ్డతో తుడిచింది. పసుపు పూర్తిగా పోలేదు. పచ్చటి మరక మిగిలింది.

అవ్వను ఎవరూ వెలివేయలేదు. పంచాయితీ పెట్టలేదు. ఊరు ఆమెకు ఒక పేరు పెట్టింది, అంతే. కొంగపిల్ల అవ్వ. నీళ్ళ దగ్గరికి పోతే వెనక నవ్వులు. వీధిలో పిల్లలు నాలుకతో కొంగముక్కు చప్పుడు చేసేవాళ్ళు. ఎవరింట్లో ఏది కనపడకపోయినా, కొంగపిల్ల అవ్వను అడగండి అనడం ఒక తమాషా అయింది. నేను బడి తెరిచే రోజుకు హిందూపురం బస్సెక్కాను. ఎక్కే ముందు, నేనే చేశానని చెప్పేస్తానవ్వా అన్నాను.

"నువ్వు రేపు ఇంకొకింటికి పోయేదానివి. ఆ పేరు నీకొద్దు. నాకింక ఏముండాది" అంది.

నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే, చెప్పక్కర్లేనందుకు సంతోషించాను. బస్సు కదిలేటప్పుడు చిన్నవ్వ మనవరాలు వాళ్ళ చెట్టు కింద నిలబడి చూస్తోంది. ఆమె నెత్తి మీద కొంగలు వాలుతూ లేస్తూ ఉన్నాయి. అంత జరిగినాక కూడా నాకు ఏడుపొచ్చింది పోయిన పిల్ల కోసం కాదు, ఆ చెట్టు ఆమెది అయినందుకు.

అవ్వ ఆ పేరుతోనే ఇంకో పదేళ్ళు బతికింది. ఆ పేరుతోనే పోయింది. నేను ధర్మవరం కోడలినయ్యాను. కాన్పుకు పుట్టింటికి పోయాను, పిల్లల్ని పెంచాను, వాళ్ళకు పెళ్ళిళ్ళు చేశాను. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

వీడియో చూసిన వారానికి నేనే బయలుదేరాను. పెనుకొండ దాకా ఒక బస్సు, అక్కడినుంచి హిందూపురానికి ఇంకో బస్సు, తర్వాత ఆటో. ఊరు మారిపోయింది. సిమెంటు రోడ్డు, కొంగల బొమ్మతో అటవీశాఖ బోర్డు, పైకెక్కి చూడ్డానికి ఒక మంచె. మారనిది వాసన ఒక్కటే. కొంగలను చూసుకోవడానికి ఆ ఊరి మనిషినే ఒకతన్ని పెట్టారు. నలభై ఏళ్ళుంటాయి. చిన్నవ్వ మునిమనవడని మాటల్లో తెలిసింది, నాకు మేనల్లుడి వరస. బెంగుళూరు నుంచి వచ్చిన జనాన్ని చెట్టు కింద నిలబెట్టి, ఊరివాళ్ళు ఈ పక్షుల కోసం ఏమేం వదులుకున్నారో చెబుతున్నాడు. చింతకాయ సంగతి చెప్పాడు. పెళ్ళిమేళం సంగతి చెప్పాడు. తర్వాత, మా ఊర్లో కొంగలంటే ఎంత పిచ్చో చూడండి అని, ఎదురింట్లో ఒక అవ్వ ఉండేదని, తన చెట్టు మీద వాలలేదని కుళ్ళుతో ఈ చెట్టు పిల్లను దొంగిలించి పెట్టుకుందని చెప్పాడు. అందరూ నవ్వారు. ఒకామె పాపం అంటూనే నవ్వింది.

నేను ముందుకు పోయాను. ఆ అవ్వ నా అవ్వని, పిల్లను ఎత్తుకుపోయింది నేనని, అవ్వకు ఏ పాపమూ తెలియదని అందరూ వినేటట్టు చెప్పాను. మాటలు స్పష్టంగానే వచ్చాయి. ఆ అబ్బి నా మాటలతో నేనెవరో తెలుసుకుని, దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంతైనా అవ్వ గదత్తా, నీకు బాధుంటాది. ఆమె తప్పు నీ మీదేసుకుంటాండావు" అన్నాడు.

నిజంగా నేనేనన్నాను. జనం నా వైపు జాలిగా చూశారు. అతను నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళసీసా ఇచ్చి, వాళ్ళను మంచె వైపు తీసుకుపోయాడు. అవ్వ ఒక్క అబద్ధం చెబితే ఊరు ఊరంతా నమ్మింది, ఇన్నేళ్ళుగా నమ్ముతూనే ఉంది. నేను నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. అన్నేళ్ళు కొంగలను చూసి, చిన్నవ్వను చూసి, ఆమె మనవరాలిని చూసి కుళ్ళుకున్నదాన్ని, మొదటిసారి మా అవ్వను చూసి కుళ్ళుకున్నాను.